దేవుణ్ణి నమ్మనివారి ధర్మము

గత శీతకాలములో మా సర్రీ పట్టణములో మన పెద్దలలో ఒకరు కాలము చేశారు. ఫిజీ ద్వీపములో చెరకు తోటల నడుమ పుట్టి, 1987 నాటి సైనిక తిరుగుబాటు తరువాత కుటుంబముతో కెనడా చేరినవారు. ఇంటివారి కోరిక ప్రకారము వారి పేరు ఇక్కడ వ్రాయటము లేదు. ముప్పది ఏండ్లకు పైగా మన సంఘములో ఏ పండుగ జరిగినా అందరికంటె ముందు వచ్చి బల్లలు వేసినది ఆయనే; అందరూ వెళ్ళిన తరువాత గిన్నెలు తోమినది ఆయనే. రామభజన జరిగేటప్పుడు మాత్రము వంటశాల విడిచి వచ్చేవారు కారు. హారతి కన్నులకు అద్దుకొనేవారు కారు. ప్రసాదము పెడితే మాత్రము, "ఇది మన అక్కచెల్లెళ్ళు వండిన అన్నము, ఎందుకు తినను?" అని నవ్వుతూ తినేవారు.

ఆయన పోయిన మరునాడు పెట్టెలో ఒక కాగితము దొరికినది. తన శవము వద్ద మంత్రము చదువవద్దనీ, పురోహితుని పిలువవద్దనీ అందులో ఉన్నది. ఆ క్రింద తాను పాటించిన నియమములు ఏడు వ్రాసి ఉన్నవి:

తీసుకొన్న అప్పు చెప్పిన నాటికి తీర్చవలెను. పని చేసినవాని కూలి ఆ సాయంత్రమే ఇవ్వవలెను. ఎవరి కులమును అడుగరాదు, నా కులమును చెప్పరాదు. కోపములో ఉత్తరము వ్రాయరాదు. త్రాగి ఇంటికి పోరాదు. తప్పు చేస్తే ఎవరికి చేశానో వారితోనే చెప్పవలెను. జబ్బు పడినవారిని చూడటానికి వట్టి చేతులతో పోరాదు.

కుమారులు ఆ కాగితము తెచ్చి సంఘము పెద్దల ముందు పెట్టారు. సంఘము హాలులో మంత్రము లేని అంత్యక్రియ జరుగవచ్చునా? ఆ రాత్రి చాలాసేపు వాదము నడిచినది. "దేవుడు లేడన్నవాడికి నీతి ఎక్కడిది? భయము లేనివాడికి కట్టుబాటు ఏమిటి?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన చెడ్డ మనసుతో అడుగలేదు, నిజముగానే తెలియక అడిగారు. ఆ రాత్రి మాకు సరియైన సమాధానము తోచలేదు. తరువాత చదివి, పెద్దలను అడిగి, ఆలోచించి తెలుసుకొన్న సంగతులను పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఓడలో పుట్టిన నీతి

మన కథ ఒడంబడికతో మొదలయినది. 1834 నుండి మారిషస్ దీవికి, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, 1903 నుండి మదరాసు రేవు మీదుగా ఫిజీకి మన తాత ముత్తాతలు కూలీలుగా వెళ్ళారు. ఫిజీకి వెళ్ళిన అరువది వేల మందిలో సుమారు పదిహేను వేల మంది మదరాసు ఓడలలో ఎక్కినవారు. ఐదేండ్ల గిర్మిట్టు, కూలి లైన్లలో ఇరుకు గదులు, సర్దారు కేకలు, పని తక్కువయినదని కూలి కోతలు. ఇవన్నీ మన ఇండ్లలో విన్న కథలే.

ఆ ఓడలో ఎక్కేటప్పుడు చేతికిచ్చిన చీటీలో ఊరు, తండ్రి పేరు, కులము వ్రాసి ఉండేవి. ఓడ కదలిన తరువాత ఆ కులము గంజిలో కలిసిపోయినది. ఒకే కుండలో వండిన అన్నము అందరూ తినక తప్పలేదు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు "జహాజీ భాయి" అని పిలుచుకొన్నారు. ఆ బంధమును రక్తసంబంధమువలె చూచుకొన్నారు. జహాజీ వారి పిల్లల మధ్య పెండ్లి చేయటానికి వెనుకాడేవారు కూడా ఉండేవారు. ఈ నియమమును ఏ శాస్త్రము చెప్పినది? ఏ గురువు ఉపదేశించాడు? ఎవరూ లేరు. సముద్రము మీద దిక్కులేని మనుషులు ఒకరి కోసము ఒకరు ఏర్పరచుకొన్న కట్టుబాటు అది.

అంతమాత్రము చేత మన వారికి భక్తి లేదని మేము అనటము లేదు. మారిషస్‌లో రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ మన భాషను నిలబెట్టినవి. ఫిజీలో 1926లో ఏర్పడిన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగము గుడులతో పాటు బడులను కూడా కట్టినది. గిర్మిట్టు దురాగతములను 1916లో లోకమునకు చాటిన సి.ఎఫ్. ఆండ్రూస్ క్రైస్తవ ఫాదరీ. విశ్వాసము మనకు చేసిన మేలు మరచితే కృతఘ్నులమవుతాము. కాని అదే విశ్వాసము "ఇది మన తలరాత" అనిపించి కొరడా దెబ్బను ఓర్చుకొనేట్లు కూడా చేసినది. రెండూ నిజమే.

ఛత్రపురము నుండి ముదునూరుకు

దేవుణ్ణి నమ్మకుండా నియమముతో బ్రతికినవారు మన తెలుగువారిలో ఎవరైనా ఉన్నారా అని వెదకితే మొట్టమొదట కనిపించే పేరు గోరా. గోపరాజు రామచంద్రరావుగారిని లోకము ఆ రెండక్షరములతోనే ఎరుగును. 1902 నవంబరు 15న గంజాము జిల్లా ఛత్రపురములో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబములో పుట్టారు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రము చదివారు. 1922లో సరస్వతిగారితో వివాహమయినది. అప్పటికి ఆమెకు పదేండ్లు.

గోరాగారు ఒక్కరోజులో నాస్తికులు కాలేదు. ముందు మూఢనమ్మకములను పరీక్షించి చూచారు. మదురైలో ఉద్యోగము చేసే రోజులలో దయ్యములున్నవని అందరూ విడిచిపెట్టిన ఇంటిలో కాపురము పెట్టారు. ఏ దయ్యమూ రాలేదు. క్రైస్తవము పుచ్చుకొంటే పై చదువుకు అమెరికా పంపుతామన్న మాట వచ్చినప్పుడు, నమ్మని దానిని నమ్మినట్లు చెప్పలేనని ఆ అవకాశమును వదులుకొన్నారు. సరస్వతిగారు గర్భిణిగా ఉండగా గ్రహణము నాడు బయటికి వచ్చి నిలుచున్నారు. పుట్టిన బిడ్డకు ఏ లోపమూ లేదు. మన ఇండ్లలో ఇప్పటికీ గ్రహణము పట్టగానే కడుపుతో ఉన్న కోడలిని గదిలో పెట్టి తలుపులు వేసే అత్తగార్లు ఉన్నారు. ఆ తల్లి ధైర్యము ఎంతటిదో వారికే బాగుగా తెలియును.

తరువాత గోరాగారు జంధ్యము తీసివేశారు. తండ్రి ఇల్లు విడిచి పొమ్మన్నారు, కులము వెలివేసినది. 1933లో నాస్తిక భావముల కారణముగా కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగము పోయినది. తరువాత బందరు హిందూ కళాశాలలో చేరినా ఆ కొలువు కూడా నిలువలేదు. చివరకు కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థుల పిలుపు మీద భార్యాబిడ్డలతో ఆ పల్లెకు చేరి, 1940 ఆగస్టు 10న నాస్తిక కేంద్రమును స్థాపించారు. 1947లో ఆ కేంద్రము విజయవాడకు మారినది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించవలెను. దేవుడు లేడని చెప్పటానికి ఆయనకు నోరు చాలును, ముదునూరు పోనక్కరలేదు. మరి పల్లెలో ఆయన చేసిన పని ఏమిటి? పెద్దవారికి చదువు చెప్పటము, అంటరానితనమును ఎదిరించటము, పున్నమి రాత్రులలో అన్ని కులములవారిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి భోజనము పెట్టటము. మన తాతలు ఓడలో గతిలేక చేసిన సహపంక్తి భోజనమును ఆయన పల్లె నడిబొడ్డున కోరి చేశారు.

సత్యము పేరిట

గోరాగారు గాంధీగారిని 1944లో సేవాగ్రామములో కలిశారు. ఒకరు అడుగడుగునా దేవుని తలచుకొనే మనిషి, మరొకరు దేవుడే లేడనే మనిషి. అయినా వారి స్నేహము గాంధీగారు పోయేవరకు నిలిచినది. అంతకు చాలా ముందే, 1931లో, దేవుడే సత్యము అనటము మాని సత్యమే దేవుడు అని తాను అంటున్నట్లు గాంధీగారు వివరించి ఉన్నారు. దేవుని కాదనేవారు కూడా సత్యమును కాదనరు గదా అన్నది ఆయన తర్కము. వారిద్దరి సంభాషణలను గోరాగారు ఒక ఆంగ్ల గ్రంథముగా వ్రాయగా 1951లో నవజీవన్ వారే అచ్చువేశారు.

గోరాగారు తమ పెద్దకుమార్తె మనోరమను అర్జునరావు అనే హరిజన యువకునికి ఇచ్చి చేయ నిశ్చయించారు. ఆ పెండ్లి సేవాగ్రామములో జరిపించటానికి గాంధీగారు ఒప్పుకొన్నారు. ప్రమాణములో దేవుని పేరు పలుకటము వధువు తండ్రికి సమ్మతము కాదు గనుక, దేవుని పేరిట అనే మాటకు బదులు సత్యము పేరిట అనే మాట పెట్టటానికి కూడా అంగీకరించారు. 1948 జనవరి 30న గాంధీగారు హతులయినారు. ఇచ్చిన మాట తప్పకుండా ఆ మార్చిలో సేవాగ్రామములోనే వివాహము జరిగినది. 1960లో గోరాగారి కుమారుడు లవణం, మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలతను వివాహమాడారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మన సంఘము గుర్తుకు వచ్చి సిగ్గు కలిగినది. ఓడలో పోయిన కులమును మనలో కొందరము విమానములో తిరిగి తెచ్చుకొన్నాము. పెండ్లి మాటలు వచ్చినప్పుడు ముత్తాత చీటీలో ఏమి వ్రాసి ఉన్నదో వెదకేవారు ఈనాటికీ ఉన్నారు. నమ్మనివాడు తన బిడ్డ పెండ్లిలో చేసి చూపిన దానిని, దేవుని బిడ్డలము అందరము ఒకటే అనే మనము ఎందుకు చేయలేకపోతున్నాము?

మాటలు కాదు, పనులు

గోరాగారి ఆలోచన క్లిష్టమయినది కాదు. ఆయన 1972లో "పాజిటివ్ ఎథీయిజమ్" అనే పుస్తకము ప్రకటించారు. దాని సారాంశము మా మాటలలో ఇది: తన బ్రతుకును నడిపేవాడు పైన ఉన్నాడని నమ్మినంతకాలము మనిషి తన తప్పును విధి మీదికి, తన బాధ్యతను దేవుని మీదికి నెట్టగలడు. పైన ఎవరూ లేరని తెలిసిననాడు అతడు స్వతంత్రుడవుతాడు. స్వతంత్రుడు గనుక బాధ్యుడవుతాడు. నీతి స్వర్గమునకు ఇచ్చే రుసుము కాదు, నలుగురితో కలసి బ్రతుకటానికి కావలసిన పని. ఆ నీతికి కాపలా ఎవరు? దాపరికము లేకపోవటమే కాపలా. చెప్పేది ఒకటి, చేసేది ఒకటి కాకుండా అందరి కంట పడేటట్లు బ్రతికితే తప్పు దాగటానికి చోటుండదు.

ఈ మాటకు తగినట్లే కేంద్రము నడిచినది. సరస్వతిగారు 1942 ఉద్యమములో జైలుకు వెళ్ళారు. అమ్మవారి మహిమ అనుకొనే నిప్పుల నడకను కేంద్రమువారు ఏ పూజా లేకుండా నలుగురి ఎదుట నడిచి చూపించారు. ఫిజీ గుడులలో అగ్నిగుండము తొక్కిన మనవారికి ఇది కష్టముగా తోచవచ్చును. ఉపవాసము, నియమము, మనోధైర్యము గొప్పవే. కాని ఆ ధైర్యము మనిషిదే అని వారు చెప్పదలచినది. 1961-62లో గోరాగారు సేవాగ్రామము నుండి ఢిల్లీకి కాలినడకన వెళ్ళి పార్టీలు లేని ప్రజాస్వామ్యము కావాలన్నారు. ప్రజలకు తిండి చాలని రోజులలో సర్కారు తోటలలో పూలమొక్కలెందుకని కూరగాయలు నాటే సత్యాగ్రహము చేశారు. చేనులో చెమటోడ్చిన జాతి మనది. ఆ వాదము మనకు వేరుగా విడమరచి చెప్పనక్కరలేదు.

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరాగారు కన్నుమూశారు. కేంద్రము ఆగలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కేంద్రమువారు సహాయము చేశారు. లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురములో దొంగలుగా ముద్రపడిన కుటుంబముల మధ్య, నిజామాబాదు ప్రాంతములో జోగినుల మధ్య ఏండ్ల తరబడి పనిచేశారు. సరస్వతిగారు 2006లో, హేమలతగారు 2008లో, లవణంగారు 2015లో కాలము చేశారు. 2002లో భారత తపాలా శాఖ గోరాగారి బొమ్మతో బిళ్ళ విడుదల చేసినది.

నాస్తికులందరూ గోరాలు కారు. దేవుడు లేడంటూనే కట్నము పుచ్చుకొనేవారిని, కులము విడువనివారిని మనము చూచాము. గుడికి పోకపోవటము ఒక్కటే గొప్ప అయితే అది సోమరికి కూడా సాధ్యమే. నమ్మకము ఉన్నా లేకపోయినా మనిషిని తూచవలసిన త్రాసు ఒకటే.

కెనడా నడచిన దారి

మనము వచ్చి స్థిరపడిన ఈ దేశము మొదటి నుండి ఇంత ఉదారముగా లేదు. 1927లో టొరంటోలో ఎర్నెస్ట్ స్టెరీ అనే ఆయన బైబిలు దేవుణ్ణి ఎగతాళి చేస్తూ పత్రికలో వ్రాసినందుకు దైవదూషణ నేరము క్రింద జైలుకు వెళ్ళాడు. 1960లలో హాలండు నుండి వచ్చిన బెర్గ్‌స్మా దంపతులు పౌరసత్వము కోరగా, దేవుణ్ణి నమ్మరన్న కారణముతో ఒంటారియోలో ఒక న్యాయాధిపతి కాదన్నాడు. ఆ దంపతుల నడవడిలో దోషము ఎవరూ చూపలేదు. పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసినది. మంచి పౌరుడు కావటానికి నమ్మకము షరతు కాదని ఆనాడు తేలినది. 1967లో వలస నిబంధనలు మారి మనబోటివారికి తలుపులు తెరుచుకొన్నది కూడా ఆ దశాబ్దములోనే.

1968లో కెనడా మానవవాద సంఘము ఏర్పడినది. నాజీ శిబిరముల నుండి బ్రతికి బయటపడిన వైద్యుడు హెన్రీ మోర్గెంటాలర్ దానికి మొదటి అధ్యక్షుడు. 1982 నాటి హక్కుల పత్రము పీఠికలో దేవుని ఆధిపత్యమును, చట్ట పాలనను పేర్కొన్నది. కాని స్వేచ్ఛలను లెక్కించేటప్పుడు అంతరాత్మ స్వేచ్ఛను, మత స్వేచ్ఛను ఒకే వాక్యములో ప్రక్క ప్రక్కన నిలిపినది. అందులో అంతరాత్మ అనే మాటే ముందు వస్తుంది. ఆ స్వేచ్ఛ ఆధారముగానే 1985లో సుప్రీం కోర్టు ఆదివారపు అంగళ్ళను మూయించే పాత చట్టమును కొట్టివేసినది. 2015లో క్యూబెక్‌లోని సాగనే నగర సభలో ప్రార్థన చేయరాదని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము నడిపినది ఒక నాస్తికుడే అయినా, ఆ తీర్పు రక్ష హిందువుకు, ముసల్మానుకు, సిక్కుకు కూడా చెందుతుంది. 2018 డిసెంబరులో దైవదూషణ నేరమునే శిక్షాస్మృతి నుండి తొలగించారు. అదే ఏడు, తాను నాస్తికురాలనని చెప్పిన గ్రెటా వాస్పర్ అనే ఆమె టొరంటోలోని తన చర్చిలో బోధకురాలిగా కొనసాగటానికి యునైటెడ్ చర్చి సమ్మతించినది.

జనాభా లెక్కలు చూడండి. 1971లో మతము లేదని చెప్పినవారు నూటికి నాలుగు మందికి కాస్త ఎక్కువ. 2001లో 16.5 శాతము. 2021లో 34.6 శాతము. మనవారు ఎక్కువగా ఉన్న బ్రిటిష్ కొలంబియాలో అదే ఏడు 52.1 శాతము. మన మనుమలు, మనుమరాండ్రు ఈ గాలిలోనే పెరుగుతున్నారు. వారిలో కొందరు ఇప్పటికే మనతో చెప్పక, గుడికి రాక, నెమ్మదిగా తొలగిపోతున్నారు. వారు విడుస్తున్నది దేవుణ్ణి మాత్రమే అనుకొంటే పొరపాటు. మన సంఘములో తెలుగు మాట, తెలుగు వంట, తెలుగు పాట అన్నీ గుడి తలుపు లోపలే ఉన్నవి. ఆ తలుపు దాటలేనివారికి భాష కూడా దక్కదు.

మన ముందున్న ప్రశ్న

ఇక ఆ రాత్రి సంగతి ముగిస్తాము. వాదము తెగక ఉండగా, పోయిన పెద్దాయన సతీమణి లేచి ఆ కాగితమును వెనుకకు త్రిప్పమన్నారు. వెనుక ఎర్ర పెన్సిలుతో నియమముల అంకెలు, వాటి ఎదుట తేదీలు వ్రాసి ఉన్నవి. "తప్పిన రోజులు," అన్నారామె. "తప్పినప్పుడల్లా నాకు చూపించి వ్రాసేవారు. నేను దేవుణ్ణి నమ్ముతాను బాబూ. రోజూ దీపము పెడతాను. ఆయన ఒక్కనాడు వద్దనలేదు. ఆయన మాట కూడా మీరు కాదనవద్దు."

కట్టుబాటు ఏమిటని అడిగిన పెద్దాయనే ఆ కాగితము చేతికి తీసుకొని చాలాసేపు చూచారు. "నా తప్పులు నేను ఏనాడూ వ్రాసుకోలేదు," అని మాత్రము అన్నారు. మంత్రము లేకుండానే, హాలులోనే సభ జరిగినది. ఆయన కోడలు ఏడు నియమములను తెలుగులోను, మనుమడు ఆంగ్లములోను చదివారు. భజన బృందమువారు తాళములు లేకుండా కూర్చున్నారు. భోజనములు అయిన తరువాత గిన్నెలు తోమటానికి పదిమంది లేచారు. అమ్మగారు ఇంటికి వెళ్ళి దీపము పెట్టుకొన్నారు.

ఆ సభ ఒకసారి జరిగిపోయినది గాని నియమముగా ఇంకా కాలేదు. రానున్న సర్వసభ్య సమావేశములో ఈ విషయము చర్చకు వస్తున్నది. అందుచేత సభ్యులకు మా మనవి ఇది. పెండ్లికి, చావుకు సంఘము హాలు కావాలన్నవారిని ఏమి నమ్ముతారని అడుగవద్దు. దేవుని పేరిట ప్రమాణము చేయలేనివారికి సత్యము పేరిట చేసే వీలు కల్పించండి. గాంధీగారికి అభ్యంతరము కానిది మనకు ఎందుకు కావలెను? తెలుగు బడిని పూజా సమయము నుండి వేరు చేసి, గుడికి రాని పిల్లలు కూడా వచ్చేటట్లు చేయండి. నాస్తిక సోదరులు కూడా నమ్మేవారి దీపమును ఎగతాళి చేయరాదు. ఆ దీపమే చీకటి లైన్లలో మన ముత్తవ్వలకు వెలుగిచ్చినది.

మన పూర్వీకులు ఎక్కిన ఓడలో నమ్మినవాడికీ నమ్మనివాడికీ ఒకటే గంజి పోశారు. ఆ ఓడ దిగినవారి సంతానము మనము. ఒకరినొకరు విడువకపోవటమే మనకు మొట్టమొదటి ధర్మమని మా నమ్మకము. పెద్దలు ఆలోచించవలసినదిగా కోరుతున్నాము.